ఫ్యాన్ ఆపమనే డాక్టరమ్మ

నెల కిందట ఒక సంతరోజు నా క్లినిక్‌లో ఒక అవ్వ ఏదో చేసి చూపించబోతుంటే మధ్యలో ఆపేశాను. ఆపి ఊరుకోకుండా నలుగురి ముందు ఎగతాళి కూడా చేశాను. చనిపోయిన ఒక మనిషి గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఆ తప్పే కలంలోకి వచ్చింది. ఆ తప్పు చేయకూడదని నాకు నేర్పింది ఆ మనిషే కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను కదిరిలో పిల్లల డాక్టరును. సంతరోజు పల్లెల నుంచి వచ్చేవాళ్ళతో వరండా నిండిపోతుంది. ఆ పొద్దున నల్లమాడ అవతలి పల్లె నుంచి ఒక అవ్వ, ఆమె కోడలు ఆరు నెలల పాపను తీసుకొచ్చారు. జలుబు. ఛాతీ విన్నాను, ముక్కులో చుక్కలు రాశాను. లేచి వెళ్ళబోతూ కోడలు మెల్లగా, ఈ మధ్య పాప మునుపటిలా నవ్వడం లేదని చెప్పింది. జలుబు చేస్తే పెద్దవాళ్ళమే నవ్వం అన్నాను. కోడలి మాట నాకు నచ్చలేదనుకుందేమో, అవ్వ ముందుకొచ్చి సర్దబోయింది.

"నగకపోతే ఏమి సార్, మా పాపకు భక్తి జాస్తి. నిద్ర లేస్తానే స్వామికి దండం పెట్టుకుంటాది. ఇట్ల, చూడండి" అని రెండు చేతులూ పైకెత్తింది.

"దండాలన్నీ నాకే పెడితే స్వామికి ఏం మిగుల్తాయి అవ్వా? ఎనక ఉండేవాళ్ళను రానీ" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అవ్వ చేతులు దించేసింది. కోడలు పాప మీద కొంగు కప్పుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు, తర్వాతి పిల్లవాడు వచ్చాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. నెత్తిమీద ఫ్యాన్ గిరగిరా తిరిగి, నెమ్మదించి, ఆగింది. గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలిసినది. అందులో ఎప్పుడూ ఒక గొంతు ఉండేది: "ఫ్యాన్ ఆపప్పా." వెంటనే గాలిలో ఆగిపోయిన అవ్వ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. చేతులే కాదు, నేను ఆపే ముందు ఆమె తల కూడా ముందుకు వాలబోయింది.

ఆరు నెలల బిడ్డకు దండం పెట్టడం రాదు. ఆ వయసులో నిద్ర లేవగానే చేతులు ముందుకొచ్చి, తల వాలి, అది మళ్ళీ మళ్ళీ జరిగితే, అది ఒక రకమైన ఫిట్స్. చూసేవాళ్ళకు ముద్దుగా ఉంటుంది. లోపల మాత్రం మెదడు నేర్చుకున్నదంతా కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటూ ఉంటుంది. మొదట పోయేది నవ్వే. కోడలు నాకు చెప్పింది అదే. వెంటనే పట్టుకుని మందు మొదలుపెడితే చాలామంది బిడ్డలు తిరిగి దారిలో పడతారు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

వాళ్ళిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం ఓపీ లేదని కాంపౌండర్‌తో చెప్పించి కారు తీశాను. దారి పొడవునా ఎండిన చేలు, మధ్యమధ్య వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, పైర్లు. పక్క సీటులో ఆమె, నాకు పని నేర్పి పోయిన ఆ డాక్టరమ్మ, కూర్చున్నట్టే ఉంది.

ఆమె పేరు రాయడం లేదు. పేరుతో పిలిచినవాళ్ళే తక్కువ. మేము మేడమ్ అనేవాళ్ళం. బస్టాండులో దిగి ఫ్యాన్ ఆపమనే డాక్టరమ్మ అంటే ఆటోవాళ్ళు తెచ్చి ఇంటి ముందు దించేవాళ్ళు. చిన్నపిల్లల నరాల జబ్బులు చూసేది. చదువయ్యాక కొన్నేళ్ళు అనంతపురంలో ఆమె దగ్గర పని చేశాను.

బయట ఎండకు తారు కరుగుతుంటే, ఆమె లోపల తలుపు వేయించి, ఫ్యాన్ ఆపించి, నేల మీద జంపఖానా పరిపించేది. కొంగు నడుముకు దోపుకుని దాని మీద కూర్చునేది. బిడ్డను మధ్యలో పడుకోబెట్టి, తల్లి ఒక పక్క, తండ్రి ఒక పక్క, మేము గోడవారగా. అందరికీ చెమటలు. ఒకసారి యాడికి నుంచి వచ్చిన ఒక తండ్రి ఓపిక పట్టలేక, బిడ్డ ఉడికిపోతాంది మేడమ్ అన్నాడు.

"రోంతసేపు ఉడకనీ అప్పా. గాలికి గుడ్డ కదిలిందో, బిడ్డ కదిలిందో నాకు తెలియాల" అంది.

అలా కూర్చుని చాలాసేపు బిడ్డను తాకేది కాదు. మేము సుత్తి, టార్చి పట్టుకుని సిద్ధంగా ఉంటే కంటితోనే వద్దనేది. ఆమె కోటు జేబులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు ఉండేవి. చూస్తూ చూస్తూ ఒలిచేది. మామూలు జబ్బయితే ఒలిచినవి తిని, బిడ్డ తండ్రికీ నాలుగు పెట్టేది. అర్థం కాని జబ్బయితే తినడం మరిచిపోయేది. జంపఖానా మీద పొట్టు కుప్ప పెరిగిందంటే ఈ కేసు మాకెవరికీ తెలియదని మేము గుసగుసలాడుకునేవాళ్ళం. అంత పెద్ద కుప్ప ముందు కూర్చుని కూడా ఆమె కంగారు పడటం నేను చూడలేదు. "తెలీదు. ఇంకోసారి చూస్తా" అనేది, బస్సు ఇంకా రాలేదు అన్నంత మామూలుగా.

అరుదైన జబ్బు అన్నామంటే మాత్రం కోపం వచ్చేది. "అరుదు అనేది నీ లెక్క. నువ్వు చూడలేదు, అంతే. ఆ యమ్మ దినామూ చూస్తాండాది గదా, ఆమెకు యాడ అరుదు?" అని దులిపేసేది.

ఆమె దగ్గర ఒక విద్య ఉండేది. మన పల్లెల్లో డాక్టరు ముందు నోరు తెరవడానికి జంకుతారు. ఏమైందమ్మా అంటే, మీకు తెలీనిదేముంది సార్ అంటారు. అందుకని ఆమె అడిగేది కాదు. తనే చేసి చూపించేది, అదీ తప్పుగా. ఒక తల్లి, బిడ్డ అదురుతాడని చెబితే, "ఇట్లనా?" అని భుజాలు ఎగరేసేది. అది కాదని తెలిసే ఎగరేసేది. డాక్టరుకు చెప్పడానికి భయపడే మనిషి, డాక్టరు తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు. "అట్ల కాదమ్మా" అని తనే మొదలుపెడుతుంది. ఆ మాట కోసం ఆమె గంటసేపైనా వేషం వేసేది. అయ్యాక మోకాళ్ళు పట్టేసి లేవలేక, దగ్గరున్న తండ్రికి చెయ్యి చాపి "లాగప్పా" అనేది. అంతసేపూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్న మనిషి డాక్టరును లాగి నిలబెట్టాక వేరే మనిషయ్యేవాడు.

ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన ఒక గొర్రెల కాపరి కుటుంబం నాకు బాగా గుర్తు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు. ఉన్నట్టుండి పడిపోతాడని అప్పటికే రెండుమూడు చోట్ల ఫిట్స్ మందులు వాడారు. తగ్గలేదు. తండ్రి, తల్లి, నాయనమ్మ ముగ్గురూ వచ్చారు. ముగ్గురి ముఖాలూ ఒకేలా బిగుసుకుని ఉన్నాయి. పిల్లవాడు కూడా అంతే. నేను అతన్ని చూసి కన్నుగీటితే తల్లి గబుక్కున తన చేతిని అతని కళ్ళకు అడ్డం పెట్టింది. దిష్టి భయమనుకున్నాను.

మేడమ్ ఫ్యాన్ ఆపించింది. ఒలవడం మొదలుపెట్టింది. కొంతసేపటికి లేచి నిలబడి, "మీవాడు ఇట్లనే గదా పడేది" అని కర్రలా బిగుసుకుని పక్కకు ఒరిగింది. పడకుండా నేను పట్టుకున్నాను. తండ్రి తలవంచుకుని ఊరుకున్నాడు. ఆమె మళ్ళీ ఒరిగింది. మూడోసారి అతను ఉండబట్టలేకపోయాడు.

"అట్ల కర్ర మాదిరి కాదమ్మా" అని తువ్వాలు తీసి పక్కన పెట్టి, మోకాళ్ళు మెత్తగా వదిలేసి, నిద్రపోయే గొర్రెపిల్లలా జంపఖానా మీదికి జారిపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "ఇట్ల. తెలివి ఉంటాది. అంతా ఇంటాంటాడు. లేయలేడంతే."

"ఎప్పుడప్పా? ఎండలో ఉన్నప్పుడా, ఆకలయినప్పుడా?"

అతను లేవలేదు. అలాగే పడుకుని, పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "నగితే."

అప్పుడు బయటికొచ్చింది అంతా. పిల్లవాడు పకపకా నవ్వాడంటే కాళ్ళు చచ్చుబడి కూలిపోతాడు. రెండుసార్లు తల పగిలింది. ఆ భయానికి ఇంట్లో నవ్వులాటలు మానేశారు. టీవీ తీసేశారు. పక్కింటి పిల్లల్ని రానివ్వరు. కొత్తగా పిన్నిని పెళ్ళి చేసుకున్న చిన్నాన్న ఒకడు సరదా మనిషని అతనితో మాటలు తగ్గించారు. నేను కన్నుగీటినప్పుడు ఆ తల్లి చేతిని ఎందుకు అడ్డం పెట్టిందో అప్పుడర్థమైంది.

మేడమ్ తాళాల గుత్తి తీసి పిల్లవాడి నెత్తికంటే పైన పట్టుకుంది, టార్చి అతని గడ్డం కిందికి పట్టుకుంది. తల కదల్చకుండా దీన్ని చూడు, దాన్ని చూడు అంది. కళ్ళు పక్కలకు బాగానే తిరిగాయి. పైకీ కిందికీ గబుక్కున తిరగలేక, రెప్పలు కొట్టుకుంటూ తలనే ఎత్తి దించాడు. ఆమె ఒలిచిన చెనిక్కాయను నోట్లో వేసుకుంది. తెలిసిందన్నమాట. ఒంట్లో ఒక రకం కొవ్వు కరగక మెదడులోనూ కాలేయంలోనూ పేరుకునే జబ్బు. నవ్వితే కూలిపోవడం, కళ్ళు పైకీ కిందికీ తిరగకపోవడం, రెండూ దాని గుర్తులే. రక్తం బెంగళూరు పంపించాం. కొన్ని వారాలకు అదేనని వచ్చింది. వెనక్కి తిప్పే మందు లేని జబ్బు.

ఆ కాగితం వచ్చిన రోజు ఆ నాయనమ్మ కోడలి వైపు చూసి, దీని కడుపే అట్లాంటిది అంది. కోడలు ఆమె సొంత తమ్ముడి కూతురు. మేడమ్ కోపగించుకోలేదు. ఒక చెనిక్కాయ గింజ తీసి రెండు బద్దలు చేసి అరచేతిలో పెట్టింది.

"ఒక బద్ద నీ కోడలిది, ఒక బద్ద నీ కొడుకుది. రెండు పక్కలా వస్తేనే ఈ జబ్బు. నీ కోడలికి యాడనుంచి వచ్చింది? నీ తమ్ముడి నుంచి. వానికి మీ అమ్మానాయన నుంచి. నీకూ ఆడనుంచే వచ్చి, నీ నుంచి నీ కొడుక్కి పోయింటాది. ఎవురూ కావాలని ఇచ్చింది కాదు."

నాయనమ్మ ఆ బద్దలు తీసుకుని చాలాసేపు చూసి, చివరికి కోడలి చేతిలో పెట్టింది. ఆ తర్వాత పుట్టబోయే బిడ్డకు ముందే పరీక్ష చేయించుకోవచ్చని చెబితే వినిపించుకుంది.

వెళ్ళేముందు తండ్రి అడిగాడు, ఇంట్లో ఇంకా ఏమేం మానేయాలని. మేడమ్ చెప్పినది నేను సంతాపసభలో కూడా చెప్పాను. "ఏమీ మానొద్దు. కింద రెండు బొంతలు మందంగా పరవండి. పరిచి, వాన్ని నగించండి. ఆ చిన్నాన్నను పిలిపించండి. పడితే పడనీ, బొంత ఉండాది గదా. తెలివిలో ఉండే బిడ్డ, అందరూ మొగాలు బిగించుకోని ఉంటే తన వల్లే అనుకోడా?" ఆమె దగ్గర జబ్బుకు మందు లేదు. అయినా వాళ్ళు వచ్చినప్పటికంటే తేలిగ్గా వెళ్ళారు. మెట్లు దిగుతుండగా ఆ తండ్రి కొడుకును భుజం మీదికి ఎత్తుకుని చెవిలో ఏదో చెప్పాడు. పిల్లవాడి తల మెత్తగా తండ్రి మెడ మీద వాలిపోయింది. నవ్వాడని మాకర్థమైంది.

తల్లిదండ్రులతో ఆమె ఎంత నిదానమో, మాతో అంత విసురు. ఒక రోజు సాయంత్రం నేను తొందరపడి ఒక తల్లిని సగంలో పంపేస్తే పిలిచి, "నువ్వు బిరబిరా చూస్తావు, మంచిదే. పోయి జలుబులు చూసుకో" అంది. కొన్నాళ్ళకు నేను కదిరి వచ్చి క్లినిక్ పెట్టుకున్నాను. జలుబులే చూసుకుంటున్నాను. ఆమె పోయి రెండు నెలలైంది. సంతాపసభలో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది నేనే. తల్లిదండ్రుల చేత చేసి చూపించుకునే ఆ పద్ధతి గురించి చెబితే చప్పట్లు కూడా కొట్టారు.

పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. బండల మిద్దె, వాకిట్లో చెనిక్కాయ కట్టె వామి. అవ్వ గడపలో కూర్చుని విత్తనాలు ఏరుతోంది. పాప లోపల చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది. నన్ను చూసి అవ్వ లేవలేదు.

"ఏమి సార్, మందు తప్పు రాసినారా?"

"మందు సరిగ్గానే రాసినా. తప్పు నేను చేసినా. నువ్వు చూపిస్తాంటే చూడలేదు. ఇప్పుడు చూపిస్తావా అవ్వా?"

"యాంటికి, మళ్ళ నగడానికా? పోండి సార్" అని చేట మీదికి తల వంచుకుంది.

బతిమాలితే లాభం లేదని తెలుసు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. కోడలిని టేబుల్ ఫ్యాన్ ఆపమన్నాను. బండ మీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ మెల్లగా జోడించి, కళ్ళు మూసుకుని, హారతి తీసుకునేవాడిలా తల వంచాను. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ చేట కదలడం ఆగింది. మళ్ళీ చేశాను, ఇంకా మెల్లగా.

"ఏంది సార్ అది, గుళ్ళో పూజారి మాదిరి" అంది గడపలో నుంచే.

మళ్ళీ చేశాను. ఇక ఆమె వల్ల కాలేదు. చేట దించి లేచి వచ్చింది.

"అట్ల కాదు సార్, మీకేం తెలీదు. ఎనక నుంచి ఎవురో తట్టినట్ల ఠక్కుమంటాది. తల ముందరికి పడతాది. చేతులు ఇట్ల ఇరుచుకోని దగ్గరికొస్తాయి. వదిలేస్తాది. రోంతసేపాగి మళ్ళ. మళ్ళ. వరసగా పెట్టుకుంటాది. మా వంశంలో యవురికీ లేదు ఇంత భక్తి."

ఉయ్యాల కదిలింది. పాప లేచింది. కోడలు తీసుకొచ్చి నా ముందు పడుకోబెట్టింది. ఫ్యాన్ లేని ఆ గదిలో గుడ్డ కదలలేదు, గాలి కదలలేదు. పాప తల ముందుకు ఎగిరిపడింది. చేతులు దగ్గరికొచ్చాయి. విడిపోయాయి. చిన్న ఏడుపు. మళ్ళీ. నేను ఫోన్‌లో వీడియో తీశాను. పాపను తాకలేదు. మేడమ్ దగ్గర నేర్చుకున్నవాడిని.

అవ్వ నా ముఖంలోకే చూస్తోంది. "సార్, ఇది దండం కాదా?"

"కాదవ్వా. ఒక రకం ఫిట్స్."

ఆమె వంగి పాప చేతులు రెండూ పట్టుకుంది. "అయ్యో, నేను ఊరందరినీ పిలిచి చూపిస్తి గదా సార్. చూడండి మా పాప అని."

"నువ్వు చూపియ్యబట్టే తెలిసింది. చూడకుండా ఆపింది నేను. మందుండాది అవ్వా. ఇప్పుడే పోదాం."

లేవబోతే మోకాలు పట్టేసింది. అనుకోకుండానే చెయ్యి చాపాను. అవ్వ కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే నన్ను లాగి నిలబెట్టింది.

కొడుకు పని నుంచి వచ్చేదాకా ఆగి, అందరినీ కార్లో అనంతపురం తీసుకెళ్ళాను. మేడమ్ దగ్గర నాతో పాటు పనిచేసిన ఒకామె ఇప్పుడు అక్కడ పిల్లల నరాల డాక్టరు. వీడియో ముందే పంపాను. తల మీద తీగలు పెట్టి తీసే ఈఈజీలో అనుమానం నిజమైంది. మందు ఆ మరునాడే మొదలైంది. ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికి రక్తం పంపారు. ఈ ఇంట్లోనూ మేనరికమే. జవాబు రావాల్సి ఉంది. తండ్రికి నేనే చెప్పాను, పొద్దున నా గదిలోనే కనిపెట్టి ఉండాల్సిందని. అతను, ఇంటికొచ్చినారు గదా సార్ అన్నాడు.

పోయిన వారం వాళ్ళు మళ్ళీ వచ్చారు. సంతరోజే వచ్చారు. వరండా నిండా జనం. కాంపౌండర్‌తో ఫ్యాన్ ఆపించాను. కొత్తగా కొన్న జంపఖానా పరిపించాను. గది తలుపు తెరిచే ఉంచి, వరుసలో ఉన్నవాళ్ళు వినేలా చెప్పాను, పోయినసారి ఈ అవ్వ బిడ్డ జబ్బు చూపించబోతే నేను ఎగతాళి చేశానని, అది తప్పని.

"అవ్వా, ఆ పొద్దు నేను ఆపింది, ఇప్పుడు అందరి ముందర పూర్తిగా చూపించు."

అవ్వ నన్నూ, జనాన్నీ చూసింది. "ఇంగ చూపియ్యడానికి ఏముండాది సార్, ఆ దండాలు నిలిచిపాయ గదా" అంది. తర్వాత ఏమనుకుందో, కొంగు నడుముకు దోపుకుని జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కావాలంటే మీ సారు మా ఇంట్లో ఎట్ల చేసినాడో చూపిస్తా."

కళ్ళు మూసుకుని, చేతులు మెల్లగా జోడించి, నాలాగే తల వంచింది. నాలాగే ఒక కన్ను కొంచెం తెరిచి దొంగచూపు కూడా చూసింది. నేను అలా చూశానని నాకు తెలియదు. వరండా అంతా గొల్లుమంది. కాంపౌండర్ గోడ పట్టుకుని నవ్వాడు. నేను ఆపలేదు.

మందుకు బుగ్గలు ఉబ్బిన పాప తల్లి ఒడిలో ఉంది. ఇంకా నవ్వలేదు. కానీ తల తిప్పి, ఆ నవ్వేవాళ్ళు ఎవరా అని ఒక్కొక్కరి ముఖమే చూసింది. పోయినసారి అది కూడా చేయలేదు. చెమటలు కారుతుంటే కాంపౌండర్ స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. ఇంకా వేయొద్దని సైగ చేశాను.